నాలుగో రోజు

"పడవ మునిగిపోతే ఒక్క యెన్ కూడా వద్దంటారా?" హమసాకి కలం ఆపి తలెత్తాడు.

"పోతే పోనీ బాబూ. ముసలి పడవ. అమ్మితే మంచి ఫ్రిజ్ కూడా రాదు. ఆ భాగం కొట్టెయ్."

బల్లకు అవతల కూర్చున్న త్సుజినో మికియే గారికి అరవై రెండేళ్ళు. ఎండకు కమిలిన ముఖం, పొట్టిగా కత్తిరించిన జుట్టు. తొమినౌరా రేవులో గాలాల దుకాణం పైనున్న గదే హమసాకి బీమా ఆఫీసు. అతను నాగసాకి నుంచి బదిలీ మీద వచ్చి ఏడాదైంది. మధ్యాహ్నం పూట కిటికీకి ఎదురుగా కూర్చుని, సముద్రాన్ని చూస్తూ, ఒక్కడే తింటాడు. ఆ వారంలో మెట్లెక్కి వచ్చిన మొదటి మనిషి ఆవిడే. అందుకే అడగకుండానే రెండోసారి బార్లీ టీ పోశాడు.

"సరే, కొట్టేశాను. మీ పడవ ఇంకొకరి పడవను గుద్దినా, వాళ్ళ వలలు తెగినా కట్టేది?"

"అది ఉండనీ. ఎవరి చేతా మాట పడలేను."

"పడవలో ఉన్నవాళ్ళకి దెబ్బలు తగిలితే? ఎంతమందికి రాయమంటారు?"

"ఒక్కదానికి."

"స్నేహితులెవరైనా చేపలకి వస్తామంటేనో?"

"అనరు." టీ కప్పు వైపు చూస్తూ అన్నదావిడ. తరవాత కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఇవన్నీ కాదు గాని, వెతకడానికి ఏముందో చెప్పు."

హమసాకి కాగితం తిప్పాడు. "తీర రక్షకుల ఓడలు వెతికితే డబ్బడగరు. కానీ ఈ రేవు జాలరులు పనులు మానుకుని, తమ పడవలేసుకుని వెతుకుతారు కదా. వాళ్ళకి డీజిలూ కూలీ ఇవ్వాలి. ఆ లెక్క ఇంటికొస్తుంది. దానికీ బీమా ఉంది. మామూలుగా అందరూ తీసుకునేది మూడు రోజులకి సరిపోతుంది."

"పది రోజులకి కావాలి."

అతను నవ్వాడు. "పది రోజులు ఎవరు వెతుకుతారమ్మా?"

ఆవిడ నవ్వలేదు. "డబ్బిస్తే వెతుకుతారు. ఏడాదికి ఎంతవుతుందో చూడు."

చూసి చెప్పాడు. ఆవిడ అదరలేదు, బెదరలేదు. "రాయి," అన్నది. "ఇంకొక్క మాట. మనిషి కనబడకపోతే, వెతకండని ఎవరు సంతకం పెట్టాలి?"

"ఎవరూ అక్కర్లేదు. రేవు సంఘం మాకు కబురు చేస్తే చాలు. కంపెనీ నేరుగా పడవల వాళ్ళకే ఇస్తుంది."

"ఇంట్లోవాళ్ళు వద్దన్నా?"

వింత ప్రశ్న. అయినా చెప్పాడు. "వద్దన్నా సరే. సంతకం పెట్టింది మీరు కాబట్టి మీ మాటే చెల్లుతుంది."

"ఆ ముక్క ఎక్కడుందో చదువు."

చదివాడు. ఇంకోసారి చదవమంది. మళ్ళీ చదివాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, పరీక్ష ఫలితాలు వింటున్నట్టు విన్నది.

కాగితం అడుగున 'అత్యవసర సమయంలో ఎవరికి తెలపాలి' అన్న గడి ఖాళీగా ఉంది.

"ఇక్కడో పేరు కావాలండీ. చుట్టాలో, ఇరుగుపొరుగో..."

"పక్కింటామెకి నా పిల్లి పేరు తెలుసు గాని నా పేరు తెలీదు. పోనీ పిల్లి పేరు రాయనా?"

హమసాకికి నవ్వు రాబోయి ఆగిపోయింది. నాగసాకిలో ఇలాంటి గడిలో తన తల్లి పేరు రాసేవాడు. ఆవిడ పోయాక, తన కాగితాల్లో ఆ గడిని అతనూ ఖాళీగానే వదిలేస్తున్నాడు.

"ఒకటడుగుతాను, ఏమనుకోకండి," అన్నాడు మెల్లగా. "పది రోజులు ఎందుకు?"

ఆవిడ కిటికీలోంచి చూసింది. వాన వెలిసి, రేవులో తాళ్ళు ఆవిర్లు కక్కుతున్నాయి.

"ఏడేళ్ళ కిందట, సెప్టెంబరులో. ఈ రేవు కాదు, అవతలి దీవి. పడవ తిరగబడింది. పద్నాలుగు పడవలు మూడు రోజులు వెతికాయి. పాపం, మంచివాళ్ళే. మూడో రోజు మధ్యాహ్నం సంఘం పెద్ద మా ఇంటికి కాగితం తెచ్చాడు. రేపు కూడా వెతకాలంటే ఖర్చు మాదేనని సంతకం పెట్టాలన్నాడు. సంతకం పడలేదు."

హమసాకి గొంతు తగ్గించాడు. "మీవారా?"

"మావారే."

"అప్పట్నుంచీ..."

"అప్పట్నుంచీ ఒక్కదాన్నే."

ఏళ్ళ తరబడి ఆ కాగితాన్ని మోస్తూ తిరుగుతోంది కాబోలు అనుకున్నాడు హమసాకి. ఇప్పుడు ముసలి పడవ కొనుక్కుని, అదే నీళ్ళలోకి, ఒంటరిగా వెళతానంటోంది. ఈ బీమా అమ్మడం తప్పేమో అనిపించింది.

"త్సుజినో గారూ, మిమ్మల్ని మీరు నిందించుకోకండి."

"నన్ను నేనా?" ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎందుకు నిందించుకుంటాను?"

"మరి సముద్రం మీదికి మళ్ళీ ఎందుకమ్మా? మానుకోకూడదూ?"

"తై చేప గాలానికి తగిలినప్పుడు చెయ్యి లాగుతుందే, ఆ లాగుడు ఇంకెక్కడా దొరకలేదు బాబూ. దాన్నెందుకు వదులుకోవాలి?" అంటూ కాగితం దగ్గరికి లాక్కుని, అన్ని చోట్లా నిదానంగా సంతకాలు పెట్టింది. పిల్లి పేరు రాయాల్సిన గడి మాత్రం ఖాళీగా వదిలేసింది.

హమసాకి ముద్ర వేశాడు గాని మనసు ఊరుకోలేదు. ఆవిడ బరువు దించాలనుకున్నాడు. చదువుకున్నదీ, విన్నదీ కలిపి, వీలైనంత మెత్తగా చెప్పాడు.

"ఒక్క మాట నమ్మండి. మూడు రోజులు దాటాక సముద్రంలో మనిషి ప్రాణంతో ఉండడు. నాలుగో రోజు వెతికేది ఇంట్లోవాళ్ళ మనసు కోసమే. ఆ సంతకం పడినా, పడకపోయినా ఒకటేనమ్మా."

ఆవిడ కలానికి మూత పెట్టి, బల్ల మీద అతని వైపుకు జరిపింది.

"పడవలు వెనక్కి తిరిగిపోవడం నేను నీళ్ళలోంచి చూశాను బాబూ."