సొంత గల్లీలో చుట్టపుచూపు

స్వప్నిల్ టోపీని కనుబొమ్మల దాకా లాక్కున్నాడు.

"ఎండింకా రాలేదుగా?" అంది సాక్షి మరాఠీలో.

"వస్తుంది" అన్నాడు తనూ మరాఠీలోనే.

పాత ముంబైని నడిచి చూద్దామంటూ ఆఫీసువాళ్ళంతా ఆదివారం పొద్దున్నే గల్లీ మొదట్లో చేరారు. గైడు కునాల్ చెయ్యెత్తి చూపిస్తున్నాడు. "ఇది కామాఠీపురా. పేరు చెప్పగానే జనం ఎర్రదీపాల వీధులొక్కటే అనుకుంటారు. నిజానికిది ఈ నగరం గోడలు కట్టిన తెలుగు కూలీల పేట. వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ ఇక్కడే ఉన్నారు."

ఆ మునిమనవల్లో ఒకడు తల దించుకున్నాడు.

ఆఫీసు లెక్కలో స్వప్నిల్‌ది మరాఠీవాళ్ళుండే దాదర్. చేరిన రోజు ఇల్లెక్కడని అడిగితే నోరు దానంతటదే దాదర్ అనేసింది. కామాఠీపురా అంటే ఎదుటివాడి పెదవి చివర మెదిలే నవ్వు అతనికి కాలేజీ నాటి నుంచే తెలుసు. ఇంటిల్లిపాదిలో మొదటగా డిగ్రీ చదివినవాడు, ఆ నవ్వును దాటడానికే చదివాడేమో. అయినా ఈ దేశంలో "మీదే ఊరు" అంటే చెప్పడానికి అతని దగ్గర ఒకే జవాబు ఎప్పుడుంది గనక? తామున్న ఒంటిగదుల చాల్ దాటితే మద్రాసీ. తాతల నాటి పాలమూరు పోతే బొంబాయోడు. ఆఫీసులో మన మరాఠీ అబ్బాయి. ఎవరికి తోచింది వాళ్ళు పెట్టారు, తను కాదనలేదు, అంతే.

ఈ నడక తప్పించుకోవడానికీ దారి లేకపోయింది. జ్వరమంటే సాక్షి చూడ్డానికి దాదర్ వస్తానంటుంది. వచ్చేవారం అతన్ని వాళ్ళ అమ్మానాన్నలకి చూపించాలని ముచ్చటపడుతోంది. పెళ్ళి మాట కుదిరేలోగా అన్నీ నెమ్మదిగా చెప్పుకోవాలనుకున్నాడు. ఇలా నడివీధిలో, అందరి ముందూ బయటపడితే మాత్రం ఆ పిల్ల మొహం ఇక చూడలేడు.

అందుకే నిన్న అమ్మతో అన్నాడు. "రేపు మా ఆఫీసోళ్ళు గల్లీ చూడనీకి వస్తున్నరు. నువ్వు వర్లీకి చిన్నమ్మ దగ్గరికి పోరాదే."

అమ్మ మంగళ చేతిలో రొట్టె ఒక్క క్షణం ఆగింది. "గట్లనే తియ్యి" అంది. ఎందుకని అడగలేదు. అడిగితే చెబుదామని కట్టిపెట్టుకున్న అబద్ధం అతని దగ్గరే మిగిలిపోయింది.

అమ్మనైతే పంపాడు. గల్లీని ఎక్కడికి పంపుతాడు?

మూల మీద సోడాబండి కిష్టయ్య. 'ఏం రా దొరా, ఆఫీసుకా?' అనకుండా ఏ రోజూ వదలడు. ఇవాళ మాత్రం కిష్టయ్య అతని మొహంలోకి సూటిగా చూసి, "సోడా కావాల్నా సాబ్?" అన్నాడు హిందీలో. వద్దని తలూపితే పక్కవాణ్ణి అడిగాడు.

నల్లా దగ్గర ఆడవాళ్ళు ఒకసారి చూసి బిందెల వైపు తిరిగారు. కలిసి క్రికెట్ ఆడిన తుషార్ మారుమాట లేకుండా బైకు పక్కకు జరిపి దారిచ్చాడు.

టోపీ మహిమ అనుకున్నాడు స్వప్నిల్. కాసేపటికి, కాదు, తనే మారిపోయాడనుకున్నాడు. ఈ బట్టలు, ఈ నడక, ఈ మనుషులు. లోలోపల కొంచెం గర్వం కూడా కలిగింది.

చాల్ మెట్లెక్కారు. గ్యాలరీలో గంగవ్వ పుంటికూర ఏరుతోంది. అమ్మ ఇళ్ళల్లో పనికి పోతే స్వప్నిల్‌ని చంకనేసుకుని పెంచిన మనిషి. "లోపలికొచ్చి మంచినీళ్ళు తాగండ్రి" అంది వచ్చీరాని హిందీలో. ముందు దూరిన తోటి ఉద్యోగి శైలేష్ తల గుమ్మానికి ఠంగున తగిలింది. వెనకున్న స్వప్నిల్ చూడకుండానే వంగి దాటాడు.

శైలేష్ నుదురు రుద్దుకుంటూ తిరిగాడు. "నీకు బాగా అలవాటున్న గుమ్మంలా ఉందే. ఇంతకుముందు వచ్చావేంటి ఇటు? చెప్పు, ఏ గల్లీకి?"

అందరూ నవ్వారు. సాక్షి నవ్వలేదు. అతని వైపే చూస్తోంది. స్వప్నిల్ టోపీ సర్దుకున్నాడు.

"నీ నెత్తి మోగింది ఇన్నడు, వంగిండు" అంది గంగవ్వ అదే హిందీలో. "ముందటోనికి తాకితెనే ఎనకోనికి తెలివొస్తది సాబ్."

ఈసారి సాక్షి కూడా నవ్వింది.

గంగవ్వ అందరికీ నీళ్ళిచ్చింది. "తీస్కోండ్రి సాబ్" అంటూ అతనికీ ఓ గ్లాసు అందించింది. ఆ కళ్ళలో ఎరిగిన గుర్తేమీ లేదు.

పక్క గదికి తాళం వేసి ఉంది. "ఇందులో ఎవరుంటారు?" అడిగింది సాక్షి.

"ఎవరో కిరాయోళ్ళు బేటీ. మాకంత ఎరిక లేదు."

అది స్వప్నిల్ పుట్టిన గది.

బతికిపోయాననుకున్నాడు. ఆ వెంటనే గంగవ్వ వైపు మరోసారి చూశాడు. తను దాక్కుంటే దాక్కున్నాడు, ఒళ్ళో పెట్టుకుని బువ్వ తినిపించిన ముసలిదానికి ఒక టోపీ అడ్డమొచ్చిందా?

మెట్లు దిగుతూ సాక్షి అంది. "ఎంత మంచివాళ్ళో చూడు. ఎవరో ఏంటో తెలీకుండానే లోపలికి పిలిచి నీళ్ళిచ్చారు. మన దేశమంటే ఇదేనేమో."

"అవును" అన్నాడు స్వప్నిల్.

సాయంత్రం గల్లీలోకి ఒక్కడే వచ్చాడు.

"ఏం రా దొరా, ఐతారం గూడ ఆఫీసేనా?" అన్నాడు కిష్టయ్య, ఎప్పటిలాగే.

స్వప్నిల్ నేరుగా మెట్లెక్కాడు. తమ గది తలుపు తెరిచే ఉంది, లోపల అమ్మ గిన్నెల చప్పుడు. అటు పోకుండా గంగవ్వ గుమ్మంలో కూలబడ్డాడు.

"వచ్చినవా స్వప్నిలూ? బువ్వ పెట్టనా?"

"అవ్వా, పొద్దుగాల నన్ను ఆనవాలు పట్టలేదా నువ్వు?"

"నీ అడుగు సప్పుడు మెట్ల కాడనే ఎరికైతది నాకు."

"మరి? గల్లీల ఒక్కరన్న పలకరించిన్రా నన్ను? అంత పరాయోణ్ణయిన్నా మీకు?"

గంగవ్వ పక్క గది వైపు చూసి గొంతు తగ్గించింది.

"గుర్తు పట్టొద్దని మీ అమ్మ ఇంటింటికి బొట్టు పెట్టి చెప్పింది బిడ్డా."