నిద్రలో మాట

మిలిటరీ గూఢచార విభాగానికి అధిపతిగా పనిచేసిన జనరల్ వేదాద్రి రాజకీయాల్లోకి వచ్చి మంత్రి అయ్యాడు. ఒకప్పుడు శత్రువుల మాటలు వినడానికి తయారుచేయించిన పెట్టెను, దేశభద్రత పేరుతో ఇంటింటి గుమ్మానికీ బిగించింది ఆయనే. జనం మొదట్లో గొణిగారు. తర్వాత గడపతో పాటు దానికీ పసుపు రాయడం మొదలుపెట్టారు.

ఎన్నికలొచ్చాయి. ఆదోనిలో ఆయన ఏ వాకిట్లోకి అడుగుపెట్టినా, గుమ్మం మీది పెట్టె విన్న ఆ ఇంటి కష్టసుఖాలను ఆయన చెవిలోని పరికరం ముందే చెప్పేసేది. మోకాళ్ల నొప్పి తగ్గిందా అని అడిగితే ముసలివాళ్లు మురిసిపోయేవారు.

ఆయన వెళ్లేసరికి సుంకమ్మ తన వాకిట్లో పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతోంది. ఆమె కొడుకు ఈరన్న మంచుకొండల్లో కాపలా కాస్తూ చనిపోయి మూడేళ్లయింది.

“రోజూ నిద్రలో ఈరన్నను పిలుస్తున్నావట. గుండె దిటవు చేసుకోమ్మా,” అన్నాడు వేదాద్రి.

ఆమె చేయి ఆగిపోయింది. “నిద్దర్లో కలవరిస్తాండానా? నాకే తెలీదే సార్! ఇంట్లో నేనొక్కదాన్నే. మీకెవురు చెప్పినారు?”

వేదాద్రికి తల కొట్టేసినట్టయింది. సైన్యంలో ఉండగా, శత్రు అధికారి ఒకడు బిడ్డను తలచుకుని ఏడ్చిన ఏడుపును బట్టే అతని స్థావరం కనిపెట్టి పతకం అందుకున్నాడు. అప్పుడు సిగ్గనిపించలేదు.

“నిద్దర్లో ఇంగేమంటాను సార్? చెప్పండి,” సుంకమ్మ దగ్గరకొచ్చి బతిమాలింది.

చెప్పక తప్పలేదు. “‘చలేస్తాందా నాయనా’ అంటావమ్మా.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. వేదాద్రి ఓటు మాట ఎత్తలేదు. పక్కింటి ముసలాయన చేతులు జోడించి పిలుస్తున్నా, ఆ వాకిట్లోకి వెళ్లలేకపోయాడు.