ఇంకా పచ్చివే

“పండాయా?” గదిలోంచి అడిగాడు మాన్‌బోక్.

“ఇంకా పచ్చివేనండీ,” ఖాళీ గిన్నె చూపించింది భార్య ఓక్బున్.

“అయితే ఇంకొన్నాళ్ళు ఉండాలన్నమాట,” అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పెరట్లో సోయా ముద్ద ఊరేసిన జాడీల వెనక, ఎవరూ నాటకుండానే మొలిచిన ముళ్ళపొద ఉంది. ఏటా వేసవిలో బార్లీ కోతలకు ఎర్రటి పళ్ళు కాస్తుంది. పట్నం ఆసుపత్రివాళ్ళు ఇక లాభం లేదని ఇంటికి పంపేసిన రోజున, “ఈ ఏడు ఆ పళ్ళు తినే పోతాను,” అన్నాడు మాన్‌బోక్. ఆయన మాటంటే రాతిమీద గీత. చావుకైనా సరే, చెప్పిన వేళకే వెళతాడని ఊరంతా వేళాకోళమాడేది. ఓక్బున్‌కు మాత్రం ఆ మాట వేళాకోళం కాదు.

ఆవేళ ఆకుల చాటున ఎర్రబడ్డ పళ్ళన్నీ కోసి ఆమె కోళ్ళకు వేస్తుంటే, పక్కింటి జమ్నే చూడనే చూసింది.

“అయ్యో వదినా! లేవలేని మనిషి నోరు తెరిచి అడుగుతుంటే కోళ్ళకా?”

“తింటే పోతాడు.”

“నీకేమైనా పిచ్చా? పళ్ళు తిని పోతారా ఎవరైనా?”

“నా పెళ్ళైనప్పట్నుంచీ చూస్తున్నావు. ఆయన ఒక్క మాటైనా తప్పాడా?”

జమ్నే కిందికి వంగింది. కోళ్ళు ముట్టని నాలుగు పళ్ళు దోసిట్లోకి ఏరుకుని, “పాపం తగుల్తుంది,” అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఓక్బున్ చేనికి బయల్దేరింది. పగటిపూట రోగికి జావ తాగించేది జమ్నేనే.

వానలు వచ్చి వెళ్ళాయి. పొదలో ఆకులు తప్ప ఏమీ మిగల్లేదు. ముంగిట్లో ఎండబోసిన మిరపకాయల ఘాటు గదిలోకి వస్తోంది. మాన్‌బోక్ చిక్కి పుల్లైపోయాడు. నొప్పి తట్టుకోలేక దిండు కొరుకుతున్నాడు. అయినా తెల్లారితే అదే ప్రశ్న.

“పండాయా?”

“ఇంకా పచ్చివేనండీ.”

“మొండి పొద. అచ్చం నీ పోలికే,” అని నవ్వబోయి దగ్గాడు. “సరే, ఉంటాలే.”

తొలి మంచు కురిసిన పొద్దున, ఆ మాట అడక్కుండానే పోయాడు.

ఆయన చిత్రపటం ముందు నైవేద్యంగా బేరీపళ్ళు, రేగుపళ్ళు పేర్చారు. వాటిని చూసి ఓక్బున్ గుండెలు బాదుకుంది.

“ఒక్కటంటే ఒక్కటి పెట్టలేదే జమ్నే! నా స్వార్థం కోసం ఆయన్ని నోటి ఆశ తీరకుండా పంపేశాను. రోజూ అబద్ధమే చెప్పాను.”

జమ్నే ఆమె చెయ్యి పట్టుకుంది.

“బార్లీ కోతలప్పుడే తిన్నాడు వదినా, నీకు చెప్పొద్దన్నాడు.”