అనుకున్నది, జరిగింది

ఆరు నెలలుగా లైఫ్‌గార్డు నీళ్ళలోకి దిగలేదు.

ఈత కొలను గట్టున ఎత్తు కుర్చీలో కూర్చుంటాడు, ఈల ఊదుతాడు, గేటుకు తాళం వేసి ఇంటికి పోతాడు. ఏడుపు రాదు, ఆకలి వేయదు.

ఆరు నెలల కిందట ఒక పెద్దాయన ఈదుతూ ఈదుతూ మునిగిపోయాడు. గార్డు ఒడ్డుకు చేర్చేసరికే ప్రాణం పోయింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. అది గార్డు చెవికెక్కలేదు. ఆ ఇంటివాళ్ళ ముఖం చూడలేక వెనుక గేటు నుంచి వెళ్ళిపోయాడు.

ఒక ఉదయం, అరవై దాటిన ఒకావిడ వచ్చి కుర్చీ కింద నిలబడింది.

"బాబూ, నాకు నీళ్ళంటే చచ్చేంత భయం. కాస్త ఈత నేర్పవూ?"

"కోచ్ ఉన్నాడమ్మా, ఆయన్ని అడగండి."

"ఆయన అరుస్తాడు. నువ్వు అసలు మాట్లాడవు, నువ్వే నయం."

సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. పేజీ మధ్యలో గీత. ఒక పక్క 'అనుకున్నది', మరో పక్క 'జరిగింది'.

"మా కౌన్సెలర్, అదే మనసు డాక్టరమ్మ, నేర్పింది. భయపడే పని కొంచెం కొంచెంగా చెయ్యాలట. ముందు మనసు ఏం చెప్పిందో రాయాలి, చేశాక కళ్ళు ఏం చూశాయో రాయాలి. తోడుగా నువ్వూ రాయి."

వదిలేలా లేదు. రాశాడు: నేను దిగితే ఈమె మునిగిపోతుంది.

ఇద్దరూ మోకాలి లోతుకు దిగారు.

"ఇప్పుడు జరిగింది రాయి."

"ఏమీ జరగలేదు కదమ్మా."

"అదే రాయి మరి!"

వారానికి నడుము లోతు. మూడో వారానికి మెడ లోతు.

ముక్కులోకి నీళ్ళు పోయాయని నన్ను తిట్టింది, అని రాసి గార్డు నవ్వాడు. నవ్వినందుకు తనే ఉలిక్కిపడ్డాడు. ఆ పూట ఇంట్లో మారు వడ్డించుకున్నాడు.

ఒకరోజు పెద్దాయన సంగతి చెప్పాడు. ఆవిడ చాలాసేపు నీళ్ళకేసి చూసింది.

"అదీ రాయి."

అనుకున్నది: నేను ఆలస్యం చేశాను.

రెండో గడిలో ఏదో రాసి కొట్టేశాడు. చివరికి రాశాడు: మునగడం చూసిన వెంటనే దూకాను.

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది.

మర్నాడు గార్డు లోతు వైపు ఒక్కడే దూకాడు. ఆవిడ గట్టున కూర్చుని చూసింది. ఆ తర్వాత ఇక రాలేదు.

నెల గడిచాక ఆవిడ లాకర్ ఖాళీ చేయడానికి కూతురు వచ్చింది.

"అమ్మ పోయిందండీ. చాన్నాళ్ళుగా జబ్బు."

గార్డు మెడలోని ఈల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పాపం, నీళ్ళంటే అంత భయం పెట్టుకుని కూడా రోజూ వచ్చేవారు."

కూతురు వింతగా చూసింది.

"అమ్మకు భయమా? ఆ రోజు మీరు ఒడ్డుకు చేర్చారే మా నాన్నని, ఆయనకు ఈత నేర్పిందే అమ్మండీ."