పూజలో ఒక్క గొంతు

"గంటసేపు వీడియో తీసినవ్, ఒక్కకాడ గూడ నేను లేను," అంది హన్నా.

"ముందటికి వస్తె గద పడేది," అన్నాడు అన్న విక్టర్.

చనిపోయిన తమ తండ్రి యేసయ్యను మేడ్చల్ సమాధుల తోటలో పూడ్చి వచ్చి అన్నానికి కూర్చున్నారు. ఫోన్‌లో పొద్దున చర్చిలో జరిగిన పూజ వీడియో నడుస్తోంది.

"ప్రభువా, ఇతనికి నిత్య విశ్రాంతిని దయచేయండి," అన్నాడు ఫాదర్.

బదులు చెప్పాల్సిన బంధువులంతా మౌనం. వెనక నుంచి ఒక్క గొంతు వినిపించింది: "నిత్య వెలుగు ఇతనిపై ప్రకాశించునుగాక."

"ఎవరది?" అడిగింది హన్నా.

"పక్కింటి ఇమాంబీ," అంది తల్లి మార్తమ్మ. "ముప్పై ఏండ్ల సంది మన చావులన్నిటికి వస్తాంది. ఇని ఇని నేర్చుకున్నది. నాకు ఏడుపుల గొంతు రాలే. మీకేమైంది?"

విక్టర్ వీడియో ఆపాడు.

"ఇగ ఇనుండ్రి. నేను పోయిన్నాడు ముందటి బెంచీల ఇమాంబీ కూసుంటది. మీరు ఆమె ఎనక కూసొని, ఆమె అన్నట్టు అనుండ్రి."