మాత్ర మింగనోడు

"నీ ఉచ్చ ఒద్దురా భానూ, ఇంకెవులిదైనా పట్టుకెల్దాం" అన్నాడు ఫుట్‌బాల్ అభిమాన సంఘం పెద్ద చంద్రమౌళి.

మధ్యాహ్నం పలాసలో రాష్ట్ర జట్టుకు ఎంపిక. మందుల వాడకం పట్టే ఉచ్చ పరీక్ష కూడా ఉందని ఇప్పుడే కబురొచ్చింది. పొద్దున్నే భాను చేత హుషారు మాత్ర మింగించింది చంద్రమౌళే.

"ఛీ! ఆటకి మాత్రలేటిరా?" భాను మేనమామ రామూర్తి కాండ్రించి ఉమ్మేశాడు.

"పెద్ద ఆటగాల్లకి డాక్టరు రాసిత్తే వైద్యమట. మనోడు మింగితే దొంగతనమేటి మావా? ఏ మాత్రా మింగనోడి ఉచ్చ కావాల. నువ్వియ్యి."

"నాను కిడ్నీ మాత్రల మీదున్నాను."

"మీ తమ్ముడో?"

"డయాలసిస్‌కెల్నాడు."

"పోనీ, అప్పన్న?"

"ఆడికీ అదే రోగం."

"థూ! ఇంత ఊర్లో మాత్ర మింగనోడు ఒక్కడు లేడేటి?"

"ఉన్నాడు" అన్నాడు రామూర్తి, భాను వైపు చూస్తూ. "పొద్దుటి దాకా ఈడే."

భాను తన భుజం మీద చంద్రమౌళి వేసిన చేతిని విదిలించుకున్నాడు.

"నాదే ఇత్తాను బావా."

"జట్టులోకి తీసుకోర్రా ఎర్రోడా!"

"తీసుకోకపోతే పోనీ. ఎవులు మింగించినారో కూడా సెప్తాను."