మడి లిఫ్టు

“కాళ్ళు పట్టుకుంటానమ్మా. నాకేమీ తెలియదని ఒక్క మాట చెప్పు, చాలు,” అన్నాడు సౌందరరాజన్.

అనడమే కాదు, కారులోనే వంగి తల్లి పాదాలు పట్టుకున్నాడు. తిరుపతి నుంచి చిత్తూరు కోర్టుకు పోతున్న అంబాసిడర్ వెనక సీట్లో ఒక మూలకు ఒదిగి కూర్చున్న పెరుందేవమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

“వాని కాలు పోయిండాది. తెలియదని ఎట్ల చెప్పేది?”

“తాడు కట్టింది వెంకటమునే కదా?”

“కట్టింది వాడే. కట్టమన్నది నేను.”

ముందు సీట్లోని లాయరు దేవరాజులు వెనక్కి తిరిగాడు. “సూడండమ్మా, మీరు కట్టమన్నట్టు సాక్ష్యం యాడా లేదు. వాడే సొంత తెలివితో కట్టినాడంటే, వాడేసిన నష్టపరిహారం కేసు కొట్టేస్తారు.”

“అప్పుడు వానికేమొస్తాది?”

“ఏమీ రాదు.”

“అందుకే చెప్తా,” అంది పెరుందేవమ్మ.

ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదని వీధంతా చెప్పుకుంటుంది. ఆమె కూడా కాదనదు. సౌందరరాజన్ ఎనిమిదో ఏట బడిలో పక్కవాడి పెన్ను ఎత్తుకొచ్చి, “ఎవరికీ చెప్పొద్దమ్మా” అని ఏడిస్తే, అప్పటికప్పుడు చెయ్యి పట్టి తీసుకుపోయి హెడ్మాస్టరు ముందు నిలబెట్టింది. మడి విషయంలోనూ అంత నిక్కచ్చి మనిషే.

తిరుపతిలో వాళ్ళ ఇంట్లో వంటిల్లు కింద, పెరుమాళ్ళ పూజగది మూడో అంతస్తులో. తల్లికి మోకాళ్ళు మొరాయించడంతో ఎనభై మూడులో సౌందరరాజన్ లిఫ్టు పెట్టించాడు. సొంత ఇంట్లో లిఫ్టంటే అప్పట్లో వింత. జనం పనిగట్టుకుని వచ్చి చూసిపోయేవాళ్ళు. చిక్కల్లా దాని ఇనుప తలుపుతోనే వచ్చింది. అది మూస్తేగాని లిఫ్టు కదలదు, పైకి పోయాక తీస్తేగాని బయటికి రాలేరు. పదిమంది చేతులు పడిన ఇనుమాయె. బటనైతే పుల్లతో నొక్కుతుంది. మడిచీర కట్టుకుని, నైవేద్యం గిన్నె పట్టుకుని ఆ తలుపునెలా ముట్టుకుంటుంది?

తలుపు సందులో ఉన్న స్విచ్చిని తాడుతో బిగించి కడితే, తలుపు బార్లా తీసి ఉన్నా లిఫ్టు కదులుతుందని ఇంట్లో పనిచేసే వెంకటముని కనిపెట్టాడు. కనిపెట్టినవాడే, “ఎందుకైనా మంచిది, వద్దేమో అమ్మగారా,” అన్నాడు కూడా.

“పెరుమాళ్ళు ఉండాడు. కట్టు,” అంది ఆమె.

ఆరు నెలలు పెరుమాళ్ళే చూసుకున్నాడు. ఒకరోజు పొద్దున వెంకటముని ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి లిఫ్టు తుడుస్తుంటే, పైనుంచి ఎవరో బటన్ నొక్కారు. అతనికి మోకాలి కింద కాలు మిగల్లేదు.

ఆ వారంలోనే సౌందరరాజన్ తల్లిని రిజిస్ట్రారు ఆఫీసుకు పిలుచుకుపోయాడు. “ఈ పాడు లిఫ్టు పీకేసి పెరుమాళ్ళను కిందికి తెచ్చేద్దామమ్మా. నాయన ఇల్లు నీ పేరున పెట్టిపోయినాడు కదా, మార్చి కట్టాలంటే నీ సంతకాలు కావాల,” అన్నాడు. కళ్ళలో నీళ్ళు కమ్ముకుంటుంటే చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. కొడుక్కి పనివాడి మీద ఎంత జాలి అని ముచ్చటపడింది. లిఫ్టు మాత్రం ఇంకా అక్కడే ఉంది, తాళం వేసి.

కోర్టు వరండాలో వెంకటముని చంకకర్రల మీద నిలబడి ఆమెను చూసి, అలవాటు చొప్పున దారిచ్చి పక్కకు జరగబోయి తూలాడు. భార్య పోలేరమ్మ పట్టుకుంది.

బోనెక్కి పెరుందేవమ్మ సూటిగా చెప్పింది.

“తాడు కట్టమన్నది నేను. వాడు వద్దేమో అన్నాడు, నేనే వినలా. ఇల్లు నాది. జీతమిచ్చేది నేను. నా కొడుక్కి ఈ సంగతి నేనెప్పుడూ చెప్పలా. తప్పంతా నాదే.”

సౌందరరాజన్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. దేవరాజులు లేచి, అడగాల్సింది ఏమీ లేదని కూర్చున్నాడు.

బయటికి రాగానే పోలేరమ్మ ఆమె కాళ్ళమీద పడింది. “మా బతుకు నిలబెట్టినావు తల్లీ!”

ముప్పై ఏళ్ళుగా ఎవరైనా దగ్గరికొస్తే రెండడుగులు వెనక్కి వేసే పెరుందేవమ్మ ఆరోజు కదల్లేదు. వంగి, భుజాలు పట్టుకుని పోలేరమ్మను లేపింది.

“వానికి కొయ్యకాలు పెట్టిస్తా. మీకు రావాల్సింది మీకొస్తాది. పూచీ నాది,” అంది. చాన్నాళ్ళకు గుండె తేలికపడింది.

కొడుకు మీద జాలి కూడా వేసింది. పాపం, తన కోసమే కదా అంత బతిమాలాడు! తీర్పు వచ్చేదాకా ఆగకుండా వెంకటమునికి ఇవ్వాల్సింది ముందే ఇచ్చేద్దామని చెప్పడానికి కోర్టు ఎదురుగా ఉన్న లాయరు గదికి నడిచింది. తలుపు ఓరగా వేసి ఉంది.

“ఇంగ తీర్పు అమ్మగారి మీదనే,” అంటున్నాడు దేవరాజులు. “తాడు తీసెయ్యమని లిఫ్టు మెకానిక్కు మీకు రెండుసార్లు చెప్పిన సంగతి ఎవురికీ తెలీలా.”

“వసూలుకు వస్తే?”

“రానీండి. ఇల్లు మీకు దానపత్రం రాసిచ్చేసినాదాయె. ఆమె పేరున ఇంగ చిల్లిగవ్వ లేదు. ఒకవేళ మీ మాట విని తెలియదని చెప్పుంటేనే చిక్కు. వాళ్ళు మెకానిక్కును పిలిపించుంటారు, అది మీ మెడకు చుట్టుకునుండేది. నాకదే బయం.”

తలుపు మీద వేసిన పెరుందేవమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. లోపల సౌందరరాజన్ నవ్వాడు.

“చెప్పొద్దంటేనే మా అమ్మ చెప్తాది సార్.”